కోటి తీసిన కొండలు

సరే అన్న చోట నొక్కగానే తెర మీద చిన్న పెట్టె ఒకటి తెరుచుకుని, దాని ఎడమ అంచున పచ్చగీత తలెత్తింది. బల్ల కింద కంప్యూటరు ఫ్యాను హోరెత్తింది. సన్యాసమ్మ కళ్లద్దాలు తీసి, చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, బోనులో ప్రమాణం చేసేవాణ్ణి న్యాయమూర్తి చూసినట్టు ఆ గీతను చూసింది. గంట పడుతుందని తెర చెప్పింది. పడనీ. యంత్రం పాతది, తనూ పాతదే, తొందరపడితే పని చెడుతుందని ఇద్దరికీ తెలుసు. లోపలికి పోతున్నవన్నీ తను ఒక్కొక్కదానికే పేరు పెట్టి, వరస పెట్టి, ఫోల్డరులో సర్దినవే: నడుము దగ్గర చీలిన పడవ ఫొటోలు, ఆ ఉదయం సముద్రం మీదున్న తక్కిన పడవలవాళ్లు చెప్పిన మాటల రికార్డింగులు, ఆసుపత్రి కాగితాల స్కానులు, వాటన్నిటి నడుమ చెల్లెలి కొడుకు కోటి ఫోనులోంచి ఉన్నదున్నట్టు తీసిన వీడియో. అన్నిటినీ ఒకే కట్టగా బిగించి, ఆ కట్టను మళ్లీ ముక్కలుగా కోయమని సాఫ్ట్‌వేరుకు చెప్పింది. విచారణ కార్యాలయం వారి వెబ్‌సైటు పెద్ద ఫైలును మింగలేదు, చంటిపిల్లకు తినిపించినట్టు చిన్నచిన్న ముద్దలే పెట్టాలి; సాయంత్రం ఐదు దాటితే ఆ చిన్నవీ పుచ్చుకోదు. ముక్కలన్నీ చేరినప్పుడే కట్ట తెరుచుకుంటుంది, ఒక్కటి తప్పిపోయినా తక్కినవి పలకవు. ఆ నియమం ఆమెకు నచ్చింది. మనుషుల నోళ్లకూ అలాంటి నియమం ఒకటి ఉంటే కోర్టుల్లో సగం పని తగ్గేది. గీత కింద, రమ్మంటే వచ్చే నౌకరులాగా, రద్దు అనే బటను నిలబడి ఉంది. ఆ బటను నొక్కమనే ఇందాక అర్జునరావు ఫోను చేశాడు.

వకీలు అర్జునరావు మంచివాడే. ఈ కేసు తనంత తానుగా నెత్తికెత్తుకున్నాడు, వన్ టౌన్‌లో ఈ సందు దాకా స్కూటరు మీద వచ్చి మరీ కాగితాలు పట్టుకెళ్లాడు. కానీ మంచివాళ్ల గొంతులోనే చెడ్డ సలహా ఎంత మెత్తగా పలుకుతుందో ఆమెకు తెలియనిది కాదు.

"అమ్మా, కొండలు కనబడే భాగం ఉంచండి చాలు. తర్వాత మీ మరిది పైడయ్యగారు దీపం సంగతి ఎత్తారు చూశారా, అక్కణ్ణించి కోసెయ్యండి. అవతలివాళ్ల చేతికి మనమే కర్రిచ్చి వీపు చూపించడం దేనికి?"

"వారు అసలుది అడిగారండీ."

"అసలుదాంట్లో మనకి అవసరమైన భాగం అని నేను రాస్తాను కదా. ఇప్పుడు ఆపి మళ్లీ కడితేనే ఐదింటికి అందుతుంది. ఆలస్యం చేస్తే అదీ ఉండదు."

చూస్తానంది. చూస్తానని చెప్పడం ఆమెకు అలవాటు లేని పని. ఉద్యోగమంతా కోర్టు రికార్డు గదిలో గడిచింది, ఎర్ర గుడ్డల్లో మూటగట్టిన తగాదాల మధ్య, వానాకాలం బూజు వాసనలో, ఎలుకలతో ఆమె చేసిన యుద్ధమే వేరు. ఎవరికైనా చూపించడానికి కట్ట విప్పితే, చూసినవాళ్ల ఎదుటే ప్రతి కాగితాన్నీ తడిమి, వరస సరిపోల్చి, మళ్లీ ముడి వేసేది. ప్లీడరు గుమస్తాలు ఆమెకు ఇనప బీరువా అని పేరు పెట్టారు. ఒకడు మొహం మీదే అన్నాడు కూడా, ఇనప బీరువాకైనా తాళం చెవి ఉంటుంది, ఈవిడకి అదీ లేదని. ఆ మాట విని ఆమె నొచ్చుకోలేదు, ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతూ దారంతా లోలోపల నవ్వుకుంది. కంప్యూటర్లు వచ్చినప్పుడు తోటివాళ్లు రాజీనామాల గురించి మాట్లాడుకుంటే, ఈమె స్కానింగు నేర్చుకుంది, ఫైళ్లను ఒకే కట్టగా బిగించే ఆర్కైవులు కట్టడం నేర్చుకుంది, కట్టిన తర్వాత పరీక్ష అనే మీట నొక్కితే లోపల ఉన్నదంతా చెక్కుచెదరకుండా ఉందో లేదో యంత్రమే చెబుతుందని తెలిసిన రోజున పండగ చేసుకుంది. రిటైరైనప్పుడు కొనుక్కున్న ఒకే ఒక్క విలాసం ఈ కంప్యూటరు. రేవు నుంచి ఎగిరొచ్చి దాని మీద రోజూ పడే బొగ్గు నుసిని రోజూ తుడుస్తుంది.

పచ్చగీత అరంగుళం జరిగింది. ఆశకొద్దీ. విచారణ నివేదికలోని ఆ మాట ఎప్పుడు గుర్తొచ్చినా పళ్ల మధ్య ఇసుక పడ్డట్టు ఉంటుంది. పైడయ్య ఆమె చెల్లెలు చిట్టమ్మ మొగుడు. తెల్లవారుతున్న వేళ, వల నీళ్లలో ఉండగా, ఏదో కంపెనీ లాంచీ వచ్చి అతని పడవ నడుముకు గుద్ది, ఆగకుండా పోయింది. పడవ నిదానంగా నీళ్లు తాగింది. కొడుకు కోటి వల బెండ్లు పట్టుకుని బతికాడు. పైడయ్య కాలికి తాడు చుట్టుకుంది. పడవే ఓడల దారిలోకి, వేట నిషేధించిన చోటికి వచ్చిందని లాంచీవాళ్లు చెప్పారు. లాంచీ తిరిగిన దారిని నమోదు చేసే యంత్రంలో ఆ ఉదయం జాడ మాత్రం నమోదు కాలేదట, తక్కిన రోజులన్నీ చక్కగా అయ్యాయట. మొదటి విచారణ నివేదిక ఆ పాటే పాడింది: మృతుడు ఆశకొద్దీ నిషిద్ధ ప్రాంతమున ప్రవేశించినాడు. కోటి లైసెన్సు ఆపేశారు. లైసెన్సు సరే, పోరాడితే వస్తుంది. ఆశకొద్దీ అన్న ఆ ఒక్క ముక్క పైడయ్య పేరుకు, పడవ అడుగున పట్టే గవ్వపురుగులా అంటుకుని ఉండిపోతుంది. దాన్ని గీకి పారేయాలి. అందుకే మళ్లీ విచారించమని అర్జీ పెట్టి, కాదంటే పైవాళ్లకు పెట్టి, చివరికి ఈ అవకాశం సంపాదించింది. అసలు వీడియో తెచ్చి చూపండి, చూస్తాం అన్నారు. ఇదే ఆఖరు అని కూడా అన్నారు.

ఆ వీడియో సంగతి తలుచుకుంటే జెట్టీ మీద నూకాలు వేసిన కేక ఇప్పటికీ వినిపిస్తుంది. పైడయ్యకు వరసకు బావ అతను, నోరు పెద్దది. "లాంచీ నెంబరు తియ్యకండ కొండలు తీసినావేట్రా కోటిగా! పెళ్లి ఫొటోలనుకున్నావేటి?" పోలీసులూ అదే అడిగారు, కాస్త మర్యాదగా. లాంచీ వెనక తెల్ల అంకెలు కళ్లెదుట పోతుంటే, మెడలో ప్లాస్టిక్ కవరులో వేలాడే ఫోను పట్టుకుని ఒడ్డు వైపు ఎందుకు తిప్పావు? కోటి జవాబు చెప్పలేకపోయాడు, జవాబు లేక కాదు, అడిగేవాళ్లకు అర్థం కాదని. సన్యాసమ్మ అతన్ని అడగలేదు. ఆమె పుట్టిందీ ఆ ఒడ్డునే. సముద్రంలో ఏది జారిపోయినా, వల గానీ లంగరు గానీ, బెస్తవాడు ముందు కొండలు పడతాడు. ఏ కొండ వెనక ఏది కనబడుతోంది, ఏది దాగింది, ఎంత మేర బయటికి వచ్చింది అని రెండు వైపులా గురి చూసుకుని మనసులో పెట్టుకుంటే, రేపు అదే చోటికి తిన్నగా వచ్చి పోయినదాన్ని పైకి తీసుకోవచ్చు. పైడయ్య కొడుకుతో అన్నది అదే, కొండ పట్టరా అని. మునిగిపోతున్న ఆ ఇద్దరూ వల కోసం మళ్లీ రావాలనుకున్నారు. ఈ సంగతి ఒక అధికారికి ఎలా చెబితే తలకెక్కుతుందో ఆలోచిస్తూ ఆమె చాలా మధ్యాహ్నాలు ఈ కుర్చీలోనే గడిపింది.

తన తండ్రి గుర్తొచ్చాడు. ఇసుకలో కాళ్లు బారజాపుకుని, బెండ్లు ఒక పక్కకి, సీసపు గుళ్లు ఒక పక్కకి వచ్చేటట్టు వల మడిచేవాడు. మడత పెట్టిన వల బుట్టెడు. సముద్రంలో విడిస్తే అలల మీద కనుచూపు మేర పరుచుకునేది, ఒక్క కన్ను తగ్గేది కాదు, ఒక్క ముడి పడేది కాదు. చివర మడిచింది ముందు జారాలి పాపా, అనేవాడు, కంగారుగా కుక్కితే నీళ్లలో పీటముడి పడతాది. చిన్నప్పుడు తను పొద్దున అతని దగ్గర కొండల వరస అప్పజెప్పి, తొమ్మిదింటికి కాన్వెంటులో సిస్టర్ క్లోటిల్డా దగ్గర ఇంగ్లీషు పద్యం అప్పజెప్పేది. అక్కడ చేపల వాసన వస్తుందని పక్కపిల్లలు ముక్కు మూసుకుంటే, ఆ సిస్టరు క్లాసంతటినీ లేపి నిలబెట్టి, మన ప్రభువు మొదట పిలిచింది చేపలు పట్టేవాళ్లనే, మిమ్మల్ని కాదు, కూర్చోండి అంది. కఠినురాలు. కుట్టుపని తరగతిలో ఒక్క కుట్టు వంకరపోయినా మొత్తం విప్పించేది. పైకి కనబడదు సిస్టర్ అంటే, గుడ్డకి తెలుసు అనేది.

మొదటిసారి విచారణకు ఇచ్చింది అసలు వీడియో కాదు, అక్కడే దెబ్బ తగిలింది. కోటి వాట్సాప్‌లో బంధువులకు పంపినది తిరిగి తిరిగి అర్జునరావు ఫోనుకు చేరితే, తొందరలో దాన్నే దాఖలు చేశాడు. వాట్సాప్ కుదించి పంపే వీడియో ఎండుచేప. ఎండుచేప తేలిగ్గా ఉంటుంది, బుట్టలో ఎక్కువ పడతాయి, ఎంత దూరమైనా పోతుంది, కానీ పోయిన నీరు పోయినట్టే, మళ్లీ నానబెట్టినా ఆ చేప బతికినప్పటి కన్ను రాదు. యారాడ కొండ ముక్కు, దాని అంచున అవతలి కొండ మీది చర్చి తెల్లగోడ, అన్నీ కలిసి బూడిదరంగు మరక అయిపోయాయి. ఏమీ కనబడుట లేదు అని రాసి పారేశారు. అసలుది కోటి ఫోనులో ఉంటుందా ఉండదా అని అర్జునరావు బిక్కమొహం వేస్తే, సన్యాసమ్మ తన డ్రాయరులోంచి హార్డుడిస్కు తీసి బల్ల మీద పెట్టింది. దినవారాలు కాకముందే కోటి ఫోనులో ఉన్నదంతా తెచ్చి, ఆర్కైవుగా బిగించి దాచింది ఆమె. ఎందుకు దాచారమ్మా అంటే, దాచకుండా ఎవరుంటారండీ అంది. ఆర్కైవు వల మడత లాంటిది. బిగిస్తుంది, తగ్గించదు. నిజానికి వీడియోను అది బిగించగలిగేదీ పెద్దగా ఉండదు, పిండేసిన గుడ్డను మళ్లీ పిండినట్టే. కానీ ఒక్క చుక్క కూడా కొత్తగా పోనివ్వదు.

గుమ్మంలో నీడ పడింది. కోటి లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, మూడు నెలలుగా సముద్రం మీదికి పోక రంగు తేలిపోయాడు. వంటగది గుమ్మం దగ్గర పీట మీద చిట్టమ్మ కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. 

"పెద్దమ్మా, వకీలుగారు నాకూ సేసినారు ఫోను. కోసీమంతన్నారు."

"తెలుసు."

"మరి ఇదేటి, నడుత్తంది?"

"నడుస్తోంది. ఇంకా ఆపలేదు."

కోటి గీతను చూశాడు. వాడికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది, తండ్రి లాగే. "సచ్చిపోయినోడి నోటితోటి తప్పు ఒప్పిత్తావేటి పెద్దమ్మా?"

"నేను ఒప్పించడమేమిటిరా, ఆయనే అన్నాడు. దీపం వెలగలేదు, బ్యాటరీ అయిపోయింది, నాదే తప్పు అని."

"నాతోటి అన్నాడు. కోరుటుతోటి కాదు. ఫోను తిరగతందని అయ్యకి తెలుసేటి? నీల్లు మోకాల్ల దాకా వచ్చీసినాయి, కొడుకుతోటి ఓ మాటనుకున్నాడు. ఆ మాట తీసుకెల్లి ఆల్ల ముందర పెడతావా?"

 పచ్చగీత సగం దాటింది. తొలి వెలుగులో, సూర్యుడు రాకముందు, చిన్న పడవైనా దీపం పెట్టాలి, అది రూలు, పైడయ్య పెట్టలేదు. దాన్ని చాటున పెట్టి గెలిస్తే ఆ గెలుపు ఎలాంటిదో ఆమెకు తెలుసు, ఆ విషయంలో ఆమె మనసు ఎప్పుడూ ఊగలేదు, ఇప్పుడూ ఊగడం లేదు. కానీ కోటి అడిగింది వేరు. శుక్రవారాల్లో కాన్వెంటు చర్చిలో తక్కిన పిల్లలు ఒక్కొక్కరే చెక్క జాలీ దగ్గర మోకరించి తప్పులు చెప్పుకుని వస్తుంటే, హిందువుల పిల్ల గనక తను చివరి బల్ల మీద కూర్చుని చూసేది. ఏం చెప్పావే అని బయటికొచ్చిన పిల్లను అడిగినందుకు సిస్టర్ క్లోటిల్డా ఆమెను ఆ నెలంతా బల్ల తుడవమంది. జాలీ అవతలికి పోయిన మాట జాలీ అవతలే ఉండాలి. మరి మునిగే పడవలో తండ్రి కొడుకుతో చెప్పుకున్న మాట? రికార్డు గదిలో అలాంటి ప్రశ్న ఏనాడూ రాలేదు. అక్కడికి వచ్చిన మాటలన్నీ ఎవరో ఒకరు తెలిసి సంతకం పెట్టినవే.

పైడయ్య ఈ ప్రశ్నకు ఏమనేవాడో. నవ్వేవాడు. ఈ గదిలోకి వచ్చినప్పుడల్లా తడి కాళ్లతో గుమ్మంలోనే ఆగి, "వదినా, ఆ పెట్టిలోన ఎన్ని సేపలు ఎండబెట్టినావు ఇయ్యాల?" అనేవాడు. కాళ్లు తుడుచుకుని రావయ్యా అంటే, తుడుసుకుంటే ఉప్పు పోతాది, ఉప్పు పోతే నీ సెల్లెలు నన్ను గుర్తట్టదు అనేవాడు. నవ్వించి పొద్దుపుచ్చే మనిషి. సరుకులు తెమ్మంటే మరిచిపోయేవాడు, తిట్టించుకునేవాడు, తిట్టేవాళ్లకే టీ తెచ్చి ఇచ్చేవాడు. ఆశ అనేది మాత్రం ఆ మనిషిలో వెతికినా లేదు. గెద్దలకు చేప ముక్కలు విసిరేవాడికి ఆశేమిటి! మౌసు మీద ఉన్న చెయ్యి తనకు తెలియకుండానే రద్దు బటను వైపు రెండు వేళ్ల మేర జరగడం ఆమె గమనించింది. గమనించి, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇది తను నొక్కేది కాదు, మానేదీ కాదు. కోటిదీ కాదు.

"చిట్టీ," అంది. "ఆయన నీ మొగుడు. నువ్వు చెప్పు."

చిట్టమ్మ చింతపండు పక్కన పెట్టింది. "నాను ఇన్నేదప్పా ఆ వీడియో." అక్కను ఆమె చిన్నప్పటినుంచీ అప్పా అనే పిలుస్తుంది. "అందరూ ఇన్నారు. నానే ఇన్నేదు. ఓపాలి ఎయ్యి."

"అమ్మా, ఒద్దే," అన్నాడు కోటి.

"నువ్వూరుకోరా."

గీతను నడవనిస్తూనే సన్యాసమ్మ పక్కన వీడియో తెరిచింది. మొదట నీళ్లు, నీళ్ల చప్పుడు, ఊగుతున్న పడవ అంచు, తర్వాత నిలకడగా కొండలు. కోటి ఉండలేక లేచి తెర దగ్గరికి వచ్చాడు. యారాడ కొండ ముక్కు కత్తితో కోసినట్టు ఉంది, దాని అంచున చర్చి తెల్లగోడ సగం, సరిగ్గా సగం, బయటికి వచ్చి ఉంది. "అదిగో, సగమే," అన్నాడు కోటి తల్లితో, వేలు తెర మీద ఆనిస్తూ. "ఓడల సానల్లోన ఉంటే సర్చి మొత్తం అవుపడాలి. మనం ఇవతలే ఉన్నామే అమ్మా." చిట్టమ్మ కొండలు చూడలేదు. తల ఒకవైపు వంచి వింటోంది. పైడయ్య కనబడడు, గొంతే వినబడుతుంది. కొండ పట్టరా కోటీ, సర్చి కూడా పట్టు, ఎల్లుండొచ్చి తీసుకుందుం వల. తర్వాత తాడు లాగుతున్న ఆయాసం. తర్వాత ఆ మాట. దీపం ఎలిగించనేదురా, బేటరీ అయిపోనాది, నాదే తప్పు, ఆడికి మనం అవుపడి ఉండం. నీళ్లు ఫోను మీద కొట్టాయి, తెర నల్లబడింది. సందులో ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. చిట్టమ్మ ముక్కు చీదుకుని, చెంగుతో మొహం మొత్తం ఒక్కసారి గట్టిగా తుడుచుకుంది.

"బేటరీ కొనమని ఆదివారం నాడే సెప్పినాను," అంది. "సెవిన పెట్టినాడా! సచ్చీ ముందరైనా నా మాట నిజమని ఒప్పుకున్నాడు." ఆ మాట సగంలో నవ్వు లాంటిది వచ్చి విరిగిపోయింది. "ఉండనియ్యప్పా. కొయ్యకు."

"అయ్య పరువే అమ్మా," అన్నాడు కోటి.

"ఏటి పరువు? తప్పు సేసినోడు నాదే తప్పంటే పరువు పోద్దేట్రా? లాంచీవోలు అన్నారేటి ఆ మాట, ఒక్కడైనా? దీపం నేదని ఒప్పుకున్నోడు సోటు గురించి దొంగమాట ఆడతాడేటి, నువ్వే సెప్పు. ఆ ముక్క తీసిపారేత్తే మీ అయ్య కూడా తప్పించుకునీ బాపతే అనుకుంతారు. ఉన్నోడు ఉన్నట్టు ఎల్లనీ."

కోటి వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుని, చింతపండు పళ్లెం దగ్గరికి లాక్కుని, గింజలు తీయడం మొదలుపెట్టాడు. సన్యాసమ్మ వీపు నిటారుగా పెట్టుకుని తెర వైపు తిరిగింది. ఉన్నవాడు ఉన్నట్టు. ఇంతకాలం తను చేసిన ఉద్యోగానికి ఇంతకన్నా మంచి పేరు ఎవరూ పెట్టలేదు, గవర్నమెంటు కూడా. గీత కుడి అంచుకు చేరి, పెట్టె మాయమై, ఫోల్డరులో ముక్కలన్నీ వరసగా నిలబడ్డాయి. ఆమె వాటిని నమ్మలేదు. ఎవరినీ పరీక్షించకుండా నమ్మడం ఆమె పద్ధతి కాదు. పరీక్ష అనే మీట నొక్కింది, యంత్రం మళ్లీ ఊపిరి బిగించి మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా తడిమి చూసుకుంది, తప్పులు లేవు అని చెప్పింది. ఫోను మోగింది.

"కోసేశారా అమ్మా?" అన్నాడు అర్జునరావు.

"లేదండీ. మొత్తం వస్తోంది. మీ అఫిడవిట్టులో నేను చెప్పినట్టు రాయండి. దీపం వెలగలేదని పైడయ్య తన నోటితో ఒప్పుకున్నాడు, ఆ మాట ఒప్పుకున్న చోటు ఓడల దారికి బయట ఉంది."

 వాదించబోతున్నాడనుకుని ఆమె సిద్ధపడింది.

"మళ్లీ ఒకసారి చెప్పండమ్మా," అన్నాడు వకీలు, "రాసుకుంటాను."

సన్యాసమ్మ మొదటి ముక్కను వెబ్‌సైటులోకి ఎక్కిస్తూ మళ్లీ చెప్పింది, ఈసారి కామాలూ ఫుల్‌స్టాపూ సహా.